అల్లిన కొరడా చేయడం ఎలా? మొదటిసారి చేసేవారికి నాలుగడుగుల నైలాన్ కొరడా

"చేశానన్నా, కానీ సౌండ్ రావట్లేదు." నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే మాట రాస్తారు. ఫొటో పెట్టమంటాను. చూడగానే సంగతి తెలిసిపోతుంది. మొదట్లో ఎంత లావుందో చివరిదాకా అంతే లావు. అది అల్లిన తాడు, కొరడా కాదు. ఎంత గట్టిగా విసిరినా ఈల వేస్తుందేమో గానీ ఛెళ్ళుమనదు.

ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం ఒకచోట పెడుతున్నాను. నేనుండేది చెన్నై పెరంబూరులో. అందుకే సామాను ఎక్కడ దొరుకుతుందో ఈ ఊరి లెక్కలోనే చెబుతాను. తెలుగు నాటకాలాడే మిత్రులు జమీందారు వేషానికి కొరడా కావాలని అడిగితే మొదలైంది ఈ పని. మొదటి మూడు కొరడాలు చెత్తబుట్టకే పోయాయి.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో: విసిరినప్పుడు పుట్టిన వంపు పిడి దగ్గర్నుంచి కొసకు పరుగెడుతుంది. ముందుకెళ్ళేకొద్దీ కొరడా సన్నబడి తేలికవుతుంది కాబట్టి ఆ వేగం పెరుగుతూ పోయి, కొసన ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను, దాటుతుంది. ఆ ఛెళ్ళు అప్పుడు పుట్టేదే. కొరడా దేన్నీ తాకక్కర్లేదు. ఇక మనం చేసే పనంతా ఆ సన్నబడటం ఎక్కడా తెగకుండా, ఎక్కడా మెట్టు పడకుండా చూసుకోవడమే.

ఏ భాగం ఏది

చేత్తో పట్టుకునే గట్టి భాగం పిడి. దాని తర్వాత వంగే పొడుగాటి భాగాన్ని ఒళ్ళు అంటాను. ఒళ్ళు చివర కట్టే ఒంటి తాడు తోక, ఇంగ్లీషువాళ్ళు ఫాల్ అంటారు. తోక చివర దారపు కుచ్చు, అంటే క్రాకర్. అసలు చప్పుడు చేసేది ఈ కుచ్చే. అరిగిపోయేదీ ఇదే. తర్వాత తోక అరుగుతుంది. ఈ రెండూ మార్చుకునేవి కాబట్టే విడిగా కడతారు, ఒళ్ళు ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఒళ్ళు లోపల మూడు పొరలుంటాయి: మధ్యలో బరువుకోసం కోర్, దానిమీద లోపలి జడ, ఆపైన మనకు కనిపించే పై జడ. లోపలి జడ లేకుండా చేస్తే కొరడా పీచులా తేలిపోతుంది. "పై జడ ఒక్కటే అల్లితే చాలదా?" అని అడగకండి, చాలదు.

మా తాత ఎద్దులబండికి వాడిన చెర్నాకోలలో కర్ర వేరు, దానికి కట్టిన తోలు వేరు. మనం చేసేదాంట్లో పిడిమీద కూడా అదే జడ సాగుతుంది, అతుకు బయటికి కనబడదు. ఇంకో మాట, బోనాల్లో పోతరాజు పట్టుకునే లాంటిది కావాలని హైదరాబాద్ నుంచి అడిగేవాళ్ళకు: అది వేరే పనితనం, ఈ కొలతలు దానికి పనికిరావు.

కావలసినవి

- 4 మిల్లీమీటర్ల నైలాన్ పారాకార్డ్, 550 రకం: పని 40 మీటర్లలో అయిపోతుంది, 50 కొనండి. లోపల ఏడు పోగులు, పైన అల్లిన తొడుగు ఉండాలి.
- 8 మిల్లీమీటర్ల నున్నటి ఇనుప కడ్డీ, 8 అంగుళాలు. రెండు కొసలూ ఆకురాయితో నున్నగా రుద్దించండి. ఒక కొసకు అంగుళం ఇవతల చుట్టూ సన్నటి గాడి పెట్టించండి.
- సైకిల్ బాల్స్, 5/32 అంగుళం సైజు, 120. సైకిల్ షాపులో హ్యాండిల్ కప్పుల్లో వేసే బాల్స్ అని అడగండి.
- మైనం పట్టించిన గట్టి నైలాన్ దారం. చెప్పులు కుట్టేవాళ్ళు వాడేది బాగుంటుంది.
- గుడ్డ టేపు, కత్తెర, లైటరు, కొలత టేపు, రెండు రంగుల ఇన్సులేషన్ టేపు.
- కళ్ళద్దాలు. వర్క్‌షాపుల్లో పెట్టుకునే పారదర్శకమైనవి. ఇవి లేకుండా చివరి అంకంలోకి రావద్దు.

తాడు విషయంలోనే ఎక్కువమంది మోసపోతారు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో నైలాన్ అని రాసి ఉన్న కట్ట తెప్పించుకున్నాను. అల్లితే జారిపోతూనే ఉంది, ముడి నిలవదు. అది పాలీప్రొపిలీన్. తేడా తేల్చే పద్ధతి సులువు: వేలెడు ముక్క కోసి, బకెట్ నీళ్ళలో ముంచి లోపలి గాలి పోయేలా పిండండి. నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. జార్జ్‌టౌన్ సందుల్లో తాళ్ళ కొట్లకు, కాసిమేడు హార్బర్ పక్కన వల సామాను అమ్మే కొట్లకు వెళ్తే తాకి చూసి కొనొచ్చు. కొట్టువాడికి కొరడా అంటే అర్థం కాకపోవచ్చు, "సాట్టై" అనండి. తాడును "కయిరు" అంటారు. తోలుకు మాత్రం మన మాటే సరిపోతుంది.

కాసిమేడులో వలలకు కట్టే సీసపు గుళ్ళు కనిపిస్తాయి, చవక, మంచి బరువు. కోర్‌లో అవి వేయొద్దు. సీసం రాపిడికి పొడై చేతులకు అంటుతుంది, అది విషం.

తోలుతో ఎందుకు చేయకూడదని అడుగుతారు. చేయొచ్చు. ఆస్ట్రేలియాలో మంచి కొరడాలకు కంగారూ తోలు వాడతారు, సన్నగా కోసినా తెగదు. మన పెరియమేట్‌లో మేక తోలు, ఆవు తోలు దొరుకుతాయి. కానీ తోలును పాయలుగా కోయడం, ఒక్కో పాయనూ కొసకు సన్నబరచడం సొంతంగా ఒక విద్య. మొదటి కొరడా నైలాన్‌తోనే చేయండి. తప్పు పోతే విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు.

తాళ్ళు కోసుకోవడం

తాళ్ళన్నీ సగానికి మడిచి వాడతాం. ఒక్కో తాడు రెండు పాయలవుతుంది.

పై జడకు ఆరు తాళ్ళు: 18 అడుగులవి రెండు, 16 అడుగులది ఒకటి, 14 అడుగులది ఒకటి, 11 అడుగులది ఒకటి, 9 అడుగులది ఒకటి. మొత్తం 12 పాయలు.

లోపలి జడకు మూడు తాళ్ళు: 14 అడుగులవి రెండు, 9 అడుగులది ఒకటి. మొత్తం 6 పాయలు.

కోర్ తొడుగుకు 32 అంగుళాలు. తోకకు 30 అంగుళాలు.

కొలతలు ఇలా వేరువేరుగా ఎందుకంటే, పొట్టి పాయలు దారిలో ఒక్కో జత చొప్పున తప్పుకుంటాయి. సన్నబడటం వచ్చేది అక్కడే. పొట్టి తాళ్ళ రెండు కొసలకూ రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. లేకపోతే అల్లేటప్పుడు పొడుగు పాయను వదిలేసి పొట్టిదాన్ని ఉంచుకుంటారు, చివర రెండడుగులు మిగిలుండగా పాయ అయిపోతుంది. నాకు జరిగింది.

అల్లే పద్ధతి

1. పై జడ తాళ్ళ లోపలి పోగులు లాగేయండి. కొస దగ్గర తొడుగును వెనక్కి నెట్టి, పోగులు పట్టుకుని, తొడుగును కుచ్చిళ్ళలా పోగుచేస్తూ లాగితే వచ్చేస్తాయి. ఖాళీ తొడుగు చదునుగా పడుకుంటుంది, జడ నున్నగా వస్తుంది. లోపలి జడ తాళ్ళకు, తోకకు పోగులు అలాగే ఉంచండి. తీసిన పోగులు పారేయకండి, కుచ్చుకు అవే పనికొస్తాయి. కోసిన ప్రతి కొసనూ లైటరుతో తాకించండి. కరిగిన నైలాన్ వేలికి అంటుకుంటే ఊడదు, చర్మంతో పాటే వస్తుంది. వేలితో నొక్కకుండా చెంచా వెనకవైపుతో నొక్కండి.

2. కోర్ తయారీ. 32 అంగుళాల ముక్కలో పోగులు తీసేయండి. ఒక కొస నుంచి 10 అంగుళాలు వదిలి దారంతో బిగించి కట్టండి. రెండో కొస నుంచి, నూనె చేత్తో తడిమిన బాల్స్‌ను ఒక్కొక్కటే జారవిడవండి. సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, అందుకే నూనె. నాలుగు చుక్కలు చాలు. బాల్స్ 18 అంగుళాలు నిండాక, అంటే సుమారు 115 పట్టాక, వాటికి ఆనించి దారం కట్టండి. పైన నాలుగంగుళాల ఖాళీ తొడుగు మిగులుతుంది. మధ్యలో బాల్స్ కదలకూడదు. ఊపితే గలగలమంటే దారం విప్పి మళ్ళీ బిగించండి.

3. పిడికి అతకడం. గాడి ఉన్న వైపు రెండంగుళాలు వదిలేసి మిగతా కడ్డీకి గుడ్డ టేపు చుట్టండి, దాదాపు 11 మిల్లీమీటర్ల లావు వచ్చేదాకా. ఇప్పుడు కోర్ ఖాళీ తొడుగును వదిలిన భాగం మీద పడుకోబెట్టండి. మొదటి బాల్ కడ్డీ కొసకు ఆనుకుని ఉండాలి. అక్కడ అరంగుళం ఖాళీ ఉన్నా కొరడా తలుపు బందులా అక్కడే మడతపడుతుంది, మిగతాదెంత బాగా అల్లినా లాభం లేదు. గాడిలోకి దిగేలా దారంతో గట్టిగా చుట్టండి.

 లోపలి జడ తాళ్ళు మూడింటినీ సగం దగ్గర పట్టుకుని, ఆ సగాన్ని టేపు అంచు దగ్గర కడ్డీ చుట్టూ పెట్టి దారం చుట్టండి. పై సగాలను కిందికి మడిచి, మళ్ళీ గాడి మీదుగా చుట్టండి. మడత పడింది కాబట్టి తాడు జారడానికి వీల్లేదు. నా రెండో కొరడాకు మడత పెట్టకుండా ఒట్టి టేపుతో అతికించాను. నాలుగో విసురుకు ఒళ్ళు పిడిని వదిలేసి పక్కింటి వాటర్ ట్యాంక్ మీద పడింది, పిడి నా చేతిలో ఉంది.

4. లోపలి జడ. పిడిని కిటికీ చువ్వకు కట్టి, మీరు కుర్చీలో వెనక్కి ఆనుకుని అల్లండి, అప్పుడే బిగువు వస్తుంది. మూడు పాయలు ఎడమ చేతిలో, మూడు కుడి చేతిలో. ప్రతి తాడుకూ ఒక కొస ఎడమకు, ఒక కొస కుడికి రావాలి. ఎడమవైపు అన్నిటికన్నా పైనున్న పాయను కోర్ వెనకగా తిప్పి కుడివైపు పాయల్లోకి తెచ్చి, ఒకదాని కిందుగా, రెండింటి మీదుగా పోనిచ్చి మళ్ళీ ఎడమ చేతిలోకే తీసుకోండి. తర్వాత కుడివైపు పైపాయను అదే తీరుగా. ఆడపిల్లలకు జడ వేసిన చేతులకు ఇది పది నిమిషాల్లో పట్టుబడుతుంది. మా ఆవిడ నాకన్నా సమంగా అల్లుతుంది, ఒప్పుకోక తప్పదు.

 20 అంగుళాల దగ్గర, బాల్స్ అయిపోయాక, పొట్టి తాడు రెండు పాయలను కోర్‌తో పాటు లోపల పడుకోబెట్టి మిగతా నాలుగింటితో అల్లండి. ఒకదాని కింద, ఒకదాని మీద. 32 అంగుళాలకు దారంతో కట్టేయండి. మిగిలిన కొసల్ని ఒకేచోట కోయొద్దు. ఒకటి అక్కడే, ఇంకోటి అంగుళం కింద, మరోటి రెండంగుళాలు కింద. ఒకేచోట కోస్తే అక్కడ మెట్టు పడుతుంది.

5. దొర్లించండి. వంటింటి కడప బండ మీద పెట్టి పైన చెక్క పీటతో నొక్కుతూ చపాతీ కర్రలా దొర్లించండి. పాయలు సర్దుకుంటాయి, గుండ్రంగా వస్తుంది. ఒక రాత్రి వేలాడదీసి ఉంచండి.

6. పై జడ మొదలు. పిడి అడుగున ఆరు తాళ్ళ సగాలను చుట్టూ సమంగా అమర్చి, దారం కట్టి, మడిచి, మళ్ళీ కట్టండి. ఆరు ఎడమ, ఆరు కుడి. ఇప్పుడు లెక్క: మూడింటి కింద, మూడింటి మీద. మొదటి రెండంగుళాలు ఎవరికైనా వంకరగానే వస్తాయి. ఆ భాగం చివర్లో పిడి అడుగున వేసే గుబ్బ కింద దాగిపోతుంది, విప్పుకుంటూ కూర్చోకండి.

7. పాయలు తగ్గించడం. అసలు పని ఇదే, నిదానంగా చేయండి. పిడి అతుకు నుంచి కొలిస్తే:
 - 16 అంగుళాల దగ్గర 12 నుంచి 10కి. లెక్క: రెండింటి కింద, మూడింటి మీద.
 - 24 అంగుళాల దగ్గర 10 నుంచి 8కి. రెండు కింద, రెండు మీద.
 - 36 అంగుళాల దగ్గర 8 నుంచి 6కి. ఒకటి కింద, రెండు మీద.
 - 42 అంగుళాల దగ్గర 6 నుంచి 4కి. ఒకటి కింద, ఒకటి మీద.
 - 48 అంగుళాల దగ్గర ఆపండి.

 ప్రతిచోటా అప్పటికి ఉన్నవాటిలో అన్నిటికన్నా పొట్టి తాడు పాయలు రెండూ తప్పుకుంటాయి, ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి. కోయకండి. లోపలికి పడుకోబెట్టి వాటిమీద నుంచే అల్లుతూ పోండి. మూడంగుళాల తర్వాత ఒకదాన్ని, నాలుగున్నర దగ్గర రెండోదాన్ని కోసేయండి. చివరి రెండు చోట్ల దూరం తక్కువ, కాబట్టి ఒకటిన్నర, మూడు అంగుళాలకే కోయండి.

 ఈ అంకెలు నా చేతి బిగువుకు సరిపోయినవి. మీ తాడు కాస్త లావైతే మారతాయి. గుర్తు ఒక్కటే: పాయలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతూ ఇరుకవుతుంటే తగ్గించే సమయం వచ్చింది. పాయల సందుల్లోంచి లోపలి జడ కనిపిస్తుంటే ఇంకా రాలేదు, లేదా తొందరపడి తగ్గించేశారు. అలాంటప్పుడు ఆరంగుళాలు వెనక్కి విప్పండి.

8. తోక కట్టడం. తోక తాడు ఒక కొసను రెండంగుళాలు మడిచి దారంతో చుట్టి చిన్న ఉచ్చు చేయండి. ఒళ్ళు కొసను ఉచ్చులోంచి దూర్చి, నాలుగు పాయల్లో ఒకదాన్ని వెనక్కి తిప్పి, తోకనూ ఒళ్ళునూ కలిపి చుట్టి, తన కిందనుంచే దూర్చి బిగించండి. రెండో పాయ మొదటిదాని పక్కన, అదే దిక్కుగా. మూడు, నాలుగు అలాగే. దిక్కు మారితే ముడి వంకరపోతుంది. మిగిలిన కొసలు కోసి కాల్చి నొక్కండి. ఇక్కడ బటాణీ గింజంత ముడి ఉండాలి, ఉసిరికాయంత కాదు. పెరియమేట్‌లో తోలు ముక్కలు దొరికితే 6 మిల్లీమీటర్ల నుంచి 4కి సన్నబడేలా కోసిన పట్టీ తోకగా ఇంకా బాగుంటుంది. దానికి ఉచ్చు బదులు లావు కొసన చీలిక పెట్టండి.

9. కుచ్చు. తీసి దాచిన పోగుల్లో ఒకటి, 20 అంగుళాలది తీసుకుని, ఒక కొస ఎవరిచేతనైనా పట్టించి బాగా మెలిపెట్టండి. మెలిక ముడుచుకుపోయేంతగా వచ్చాక మధ్యలో వేలు పెట్టి మడిస్తే రెండు సగాలూ తమంతట తామే పెనవేసుకుంటాయి. కొసకు అంగుళంన్నర ముందు ముడి వేసి, ముడి తర్వాతి భాగాన్ని పీచుగా విప్పండి. మడత దగ్గర ఏర్పడ్డ కన్నాన్ని తోక కొసకు కట్టండి. ఒకటి కాదు, ఒకేసారి అరడజను చేసి పెట్టుకోండి.

10. పిడి అడుగున గుబ్బ. దారపు కట్లు కప్పడానికి తలపాగాలా కనిపించే టర్క్స్ హెడ్ ముడి వేస్తారు. రాకపోతే టెన్షన్ పడకండి. బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే గ్రిప్ టేపు చుట్టేయండి. చెమట చేతికి అదే నయం, మన చెన్నై ఎండలకు మరీనూ.

సరిగ్గా వచ్చిందా? విసరకముందే చూడండి

కళ్ళు మూసుకుని పిడి నుంచి కొసదాకా బొటనవేలు, చూపుడువేలు మధ్య జారవిడవండి. మెట్టు తగిలితే అక్కడ పాయలు ఒకేచోట కోశారన్నమాట. చిన్నదైతే పీట కింద దొర్లిస్తే సర్దుకుంటుంది, పెద్దదైతే విప్పాల్సిందే.

పిడిని నేలకు సమాంతరంగా పట్టుకోండి. ఒళ్ళు విల్లులా నెమ్మదిగా వంగి కిందికి దిగాలి. పిడి చివర ఠక్కున విరిగినట్టు వేలాడితే అతుకు వదులు. కర్రలా నిలబడిపోతే కంగారు లేదు, వారం వాడితే మెత్తబడుతుంది.

గోటితో ఒక పాయను పైకి లేపి చూడండి. సులువుగా లేస్తే జడ వదులు. వదులు జడ విసురు బలాన్ని తనే మింగేస్తుంది. "అన్నీ కొలత ప్రకారం చేశాను, అయినా మోగట్లేదు" అనేవారిలో సగం మంది కొరడాలు ఈ పరీక్షలోనే పోతాయి.

మొదటి విసురు

కళ్ళద్దాలు, టోపీ, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు. చుట్టూ కొరడా పొడవుకు రెండింతల ఖాళీ. పిల్లలు, కుక్కలు, కరెంటు తీగలు లేని మైదానం. అపార్ట్‌మెంట్ మేడమీద వద్దు. నేను ఒకసారి పొద్దున్నే విసిరితే ఎవరో టపాకాయలు కాలుస్తున్నారని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. బీచ్ కూడా వద్దు. ఇసుక జడలోకి దూరి లోపల్నుంచి ఆకురాయిలా పాయల్ని అరగదీస్తుంది.

కొరడాను మీ ముందు నేలమీద తిన్నగా పరచండి. చేతిని పక్కనుంచి తలపైకి లేపండి, కొరడా వెనక్కి పోతుంది. అది పూర్తిగా సాగకముందే గోడకు మేకు కొట్టినట్టు చేతిని ముందుకు తెచ్చి ఆపేయండి. బలం అక్కర్లేదు. బలం పెట్టేవాళ్ళే వీపు మీద వాత పెట్టుకుంటారు. ఒళ్ళు ఎప్పుడూ మీ పక్కగా పోవాలి, తల మీదుగా కాదు.

చప్పుడు రాకపోతే మొదట కుచ్చు మార్చి చూడండి. పీచు అరిగి ముడి మాత్రమే మిగిలి ఉంటుంది చాలాసార్లు. తర్వాత తోక చూడండి. మరీ పొడుగైతే వేగం కొసదాకా చేరదు, మూడంగుళాల చొప్పున కోస్తూ ప్రయత్నించండి. మరీ పొట్టిదైతే చప్పుడు వస్తుంది గానీ కొరడా అదుపులో ఉండదు.

ఎద్దుల మీదా, గుర్రాల మీదా వాడతామని అడిగేవారికి నేను చేసివ్వను. జంతువుల్ని కొట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

వాడాక తడిగుడ్డతో తుడిచి, వదులుగా చుట్టి మేకుకు తగిలించండి. మడిచి బ్యాగులో కుక్కితే మడత పడినచోట లోపలి బాల్స్ తొడుగును చించుతాయి. ఎండలో వదిలేయకండి, నైలాన్ ఎండకు పెళుసవుతుంది. కుచ్చు అరిగాక కొత్తది కట్టకుండా విసిరితే తోక కొస పీచులేచి అంగుళం చొప్పున పోతుంది. ఆ మిగిలిన ఐదు కుచ్చులు జేబులో పెట్టుకునే మైదానానికి వెళ్ళండి.